బాల్కనీ, చిన్నోడు, తలుపు, వంటిల్లు

తలుపు పడిన చప్పుడు వినగానే సంగతి తెలిసిపోయింది, వెనక్కి తిరిగి చూడాల్సిన పని కూడా లేదు, అయినా తిరిగాను, తిరిగి ఆ తలుపును రెండు చేతులతో తోశాను, భుజంతో తోశాను, ఆఖరికి "అమ్మా తల్లీ" అని బతిమాలాను కూడా, అది తలుపు కాబట్టి తలుపులాగే ఉండిపోయింది. దీనికి బయటివైపు పిడి ఊడిపోయి రెండేళ్లయింది. లోపల స్ప్రింగు గొళ్లెం, గాలికి పడితే దానంతటదే బిగుసుకుంటుంది. "ఆదివారం బిగిస్తాను" అని మా ఆయన అన్నాడు, ఆ తర్వాత వంద ఆదివారాలు వచ్చి తీరిగ్గా టీ తాగి వెళ్లిపోయాయి. రోజూ బాల్కనీలోకి వచ్చేటప్పుడు తలుపుకు అడ్డంగా ఒక పాత నిఘంటువు పెడతాను, ఇవాళ పెట్టలేదు, ఒక్క నిమిషం పనే కదా, షెల్ఫులో ఉన్న నా చిన్న కంప్యూటరు బోర్డుల మీద దుమ్ము దులిపేసి వెళ్లిపోదాం అనుకున్నాను. ఒక్క నిమిషమే కదా, ఒక్క ఏడాదే కదా అనుకోవడం నాకు మొదటినుంచీ ఉన్న జబ్బు. స్కూలు ల్యాబ్‌లో అటెండర్‌గా చేరినప్పుడు కూడా ఒక్క ఏడాదే కదా అనుకున్నాను, ముప్పై రెండేళ్లు చేశాను.

తలుపు పైభాగంలో జానెడు అద్దం ఉంది, దానికి ఇనప చువ్వలు, అందులోంచి హాల్లో గోడగడియారం కనిపిస్తోంది, తొమ్మిదీ ఇరవై. దాని కింద బల్ల మీద నా ఫోను బోర్లా పడుకుని హాయిగా నిద్రపోతోంది. వీధి తలుపుకు లోపలినుంచి గడియ. తాళం చెవి మా ఆయన దగ్గరుంది గానీ గడియ వేసి ఉండగా తాళం చెవి ఏం చేస్తుంది, పైగా ఆయన వచ్చేది రెండింటికి. డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు, పక్క సీట్లో కూచుని బ్రేకు తొక్కడం ఆయన వృత్తి, నిద్రలో కూడా తొక్కుతాడు, నా కాలిపిక్కకు తెలుసు. సరే, రెండింటిదాకా కూచుంటే ఏం పోయింది, గాలి బాగుంది, ఎండ ఇంకా ఇటు తిరగలేదు, పదవీ విరమణ చేసినదాన్ని, నాకోసం గంట కొట్టేవాళ్లెవరున్నారు అనుకుని పీట లాక్కుని కూచోబోయాను, సగం వంగాక గుర్తొచ్చింది, గుడ్లు. స్టవ్ మీద గుడ్లు.

నాలుగు గుడ్లు, చిన్న స్టీలు గిన్నె, రెండు గ్లాసుల నీళ్లు, సన్న మంట, తొమ్మిదీ పదికి పెట్టాను. ఈ లెక్క నాకు నిద్రలో అడిగినా వస్తుంది, ఎన్ని బీకర్లు ఎన్ని బర్నర్ల మీద ఎంతసేపట్లో ఆవిరైపోతాయో చూసి చూసి ఈ కళ్లు పండిపోయాయి. పావుగంటలో గుడ్లు ఉడుకుతాయి, నలభై నిమిషాలకు నీళ్లు అయిపోతాయి, ఆ తర్వాత గిన్నె ఎర్రబడుతుంది, గుడ్లు పేలతాయి, స్టవ్ పక్కన గోడకు వేలాడే గుడ్డ, గుడ్డ పక్కన కిటికీ తెర, ఆ తెర పక్కన, వద్దు, అక్కడితో ఆపు. ల్యాబ్‌లో ఇలాగే ఒకసారి ఒక పిల్ల బర్నరు ఆపకుండా పరీక్ష రాసుకుంటూ కూచుంది, పొగ చూసి నేను పరిగెత్తుకెళ్లి ఇసుక బకెట్టు గుమ్మరించాను, ఆ పిల్ల జవాబుపత్రం మీద కూడా. ఆ పిల్లకు తర్వాత మార్కులు బాగానే వచ్చాయి. ఇప్పుడు నా దగ్గర ఇసుక లేదు, బకెట్టు లేదు, ఉన్నవల్లా ఒక పీట, ఒక బ్రష్షు, ఒక చీపురు, బట్టలకు పెట్టే క్లిప్పుల డబ్బా, రెండు ప్లాస్టిక్ కుండీలు, పదకొండు బోర్డులు.

అరవడం సంగతి చూద్దాం అనుకున్నాను. మాది రెండో అంతస్తు, వెనకవైపు సందు, సందుకు అవతల వడ్రంగి షెడ్డు, అక్కడ చిత్రిక యంత్రం పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే మధ్యాహ్నం ఒంటిగంటకు గానీ నోరు మూయదు. కింద వాటాలో పెద్దావిడకు వినపడదు, పై వాటాలో ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లిపోయారు. అయినా అరిచాను. "ఏవండీ! ఓ వడ్రంగి గారూ!" గొంతు ఎండిపోయేదాకా అరిచాను. షెడ్డు గుమ్మంలో ఆయన తలెత్తి చూశాడు, చెవులకు పెద్ద పెద్ద గిన్నెల్లాంటివి తగిలించుకున్నాడు, చప్పుడు వినపడకుండా. నేను రెండు చేతులూ ఊపాను. ఆయన కూడా ఊపాడు. నేను తలుపు చూపించాను, తోస్తున్నట్టు అభినయించాను, మంట, పొగ, గుడ్డు, గుడ్డును చేతులతో ఎలా చూపించాలో చప్పున తట్టలేదు, గుండ్రంగా తిప్పాను. ఆయన సంతోషంగా బొటనవేలు పైకెత్తి లోపలికి వెళ్లిపోయాడు. పొద్దున్నే వ్యాయామం చేస్తోంది, మంచిదే, అనుకుని ఉంటాడు. ఒక క్లిప్పు విసిరాను, సందు మధ్యలో పడింది. ఇంకోటి విసిరాను, దాని పక్కనే పడింది. గురి విషయంలో నాకు నిలకడ ఉంది, దూరమే లేదు.

నా కష్టం పట్టని బోర్డులు మాత్రం షెల్ఫులో పదకొండూ వరసగా నిలబడి నీలం లైట్లు మిణుకుమిణుకుమనిపిస్తున్నాయి. వాటికి స్టాండులు టెస్ట్‌ట్యూబులవి, కాళ్లు విరిగాయని స్కూలువాళ్లు పారేస్తే తెచ్చి అతికించుకున్నాను. ఒక్కో బోర్డు అగ్గిపెట్టెకు కాస్త పెద్దది, ఏదో సైన్సు ప్రదర్శనకు పిల్లలు తెచ్చి వదిలేసినవి నాలుగు ల్యాబ్ బీరువాలో పడుంటే, ఫిజిక్స్ మేడమ్ "పారేసేవే కదా, తీసుకెళ్లు" అంది, అలా మొదలైంది ఐదేళ్ల క్రితం, మిగతావి ఒక్కటొక్కటే కూడాయి. దీన్ని మైనింగ్ అంటారు, తవ్వకం అన్నమాట, పలుగూ ఉండదు, పారా ఉండదు. ఎక్కడో ఉన్న ఒక పెద్ద కంప్యూటరు ఒక చిక్కు లెక్క పంపిస్తుంది, ఏ సంఖ్య వేస్తే ఈ జవాబు వస్తుందో చెప్పు అని. బోర్డుకు తెలివితేటలేం లేవు, ఒకటి వేసి చూస్తుంది, కాదు, రెండు వేసి చూస్తుంది, కాదు, మూడు, కాదు, అలా వేసుకుంటూ పోయి దొరగ్గానే లైటు వెలిగించి జవాబు పంపిస్తుంది, అక్కడినుంచి ఇంటర్నెట్టులో మాత్రమే ఉండే ఒక నాణెంలో ఇసుకరేణువంత ముక్క నా ఖాతాలో పడుతుంది. సరదా నాణెం, బజార్లో దానికి పెద్ద విలువ లేదు, ఐదేళ్లకు నేను తవ్వింది మొత్తం అమ్మితే రెండు టీలు వస్తాయి, చక్కెర లేకుండా. మా ఆయన మొదట్లో ఎవరొచ్చినా "మా ఆవిడ గనుల యజమానురాలు" అని పరిచయం చేసేవాడు. నాకు నచ్చింది వేరే. ఈ ఆటలో డబ్బున్నవాడు పెద్ద కంప్యూటరు తెచ్చి కూచుంటే వాడి వాటా కోసేస్తారు, నెమ్మదిగా, నోరెత్తకుండా లెక్కపెట్టుకునే ఈ చిన్న బోర్డులకే మర్యాద ఎక్కువ. ఎవరు పెట్టారో ఆ నియమం, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి అనుకున్నాను చదివినరోజు.

మొదట్లో ఇంట్లో ఎక్కడ ప్లగ్గు ఖాళీ ఉంటే అక్కడ పెట్టేదాన్ని, అందుకే వాటి పేర్లు కూడా అలాగే ఉన్నాయి. వెబ్ పేజీలో నా ఖాతా కింద ఏ బోర్డు పని చేస్తోందో జాబితా కనిపిస్తుంది, దానికి పేరు పెట్టుకోవాలి, మంచం పక్కన పెట్టినదానికి మంచం, బీరువా మీద పెట్టినదానికి బీరువా, అలా అద్దం, ఫ్రిజ్, టీవీ, కిటికీ, మెట్లు, చెప్పులు, తలుపు, వంటిల్లు, ఇక్కడ పెట్టినదానికి బాల్కనీ. తర్వాత ఒకరాత్రి మా ఆయన నీళ్లు తాగడానికి లేచి, నలుమూలలా నీలం కళ్లు మిటకరిస్తుంటే చూసి, చెప్పుల స్టాండుతో సహా పడ్డాడు. మర్నాడు అన్నిటినీ ఇక్కడికి బహిష్కరించాం. పేర్లు మాత్రం మార్చలేదు, చీటీలు కూడా అలాగే అంటించి ఉన్నాయి, పెళ్లయి వేరే ఇంటికి వెళ్లినా పుట్టింటి పేరు పోనివాళ్లలాగా. ఇవి పదకొండు. జాబితాలో మాత్రం పన్నెండు కనిపిస్తాయి. పన్నెండోది మా తమ్ముడింట్లో ఉంది, దాని పేరు చిన్నోడు.

వాడు లిఫ్ట్ మెకానిక్. వాడి గురించి అనుకోకూడదనుకుంటే వాడే వస్తాడు బుర్రలోకి, లిఫ్టు బటను నొక్కినట్టు. వాడికి బోర్డు ఇచ్చింది అందరం బాగున్న రోజుల్లోనే, "ఇది మీ ఇంట్లో పెట్టరా, నా ఖాతాలో నడుస్తుంది, నీకు కరెంటు ఖర్చు అర్ధణా కూడా అవదు" అంటే, ఎందుకని గానీ ఏమిటని గానీ అడక్కుండా జేబులో వేసుకున్నాడు, ఫోన్లో ఆ పేజీ పెట్టించుకున్నాడు. తర్వాత రెండేళ్లకు నా వీడ్కోలు సభ. స్కూలు హాల్లో కుర్చీలు వేసి, హెడ్‌మిస్ట్రెస్ మాట్లాడి, మేడమ్ మాట్లాడి, కుటుంబం తరఫున ఒకరు రండి అంటే వీడు లేచాడు, మైకు పట్టుకున్నాడు, "మా అక్క ముప్పై రెండేళ్లు సైన్సుకి అంట్లు తోమింది" అన్నాడు. హాలంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. పళ్లన్నీ కనిపించేలా నవ్వాను, ఆ ఫొటో ఉంది. ఇంటికొచ్చాక చీర మార్చుకుంటూ అద్దంలో నా చేతులు చూసుకున్నాను, యాసిడ్ మచ్చలున్న చేతులు, ఏ లవణాన్ని ఏ సీసాలో పెట్టాలో, ఏ తీగ వదులైతే మీటరు అబద్ధం చెబుతుందో కొత్తగా వచ్చిన ప్రతి మేడమ్‌కూ చూపించిన చేతులు. ఆ రాత్రి వాడి ఫోను ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. వారానికి వాడు చేయడం మానేశాడు. మూడేళ్లు. మాటల్లో చెబితే ఎంత చిన్నదో, ఒక్క వాక్యం, అందులోనూ హాస్యం, ఎవరికైనా చెబితే దానికా అంటారు, అందుకే ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు తప్ప, ఆయన లేని బ్రేకు తొక్కి ఊరుకున్నాడు.

కానీ ఆ బోర్డు ఆగలేదు. పొద్దున్నే పళ్లు తోముకుంటూ జాబితా చూస్తాను, పదకొండూ ఉన్నాయా అని కాదు, పన్నెండోది ఉందా అని. ఉంటుంది. ఉంటే వాడు బాగున్నాడు, వాడింట్లో కరెంటుంది, మరదలు ప్లగ్గు పీకేయలేదు, అంతే, ఆ తర్వాతే పుక్కిలిస్తాను. ఒకసారి పద్దెనిమిది గంటలు కనిపించలేదు. అన్నం సయించలేదు. మర్నాడు పొద్దున బస్సెక్కి వాడి వీధిదాకా వెళ్లాను, చూస్తే వాడి ఇంటిముందు సామాన్ల బండి, ఇల్లు మారుతున్నారు, వాడు పరుపు నెత్తిన పెట్టుకుని ఎవరినో తిడుతున్నాడు, ఎంత ఆరోగ్యంగా తిడుతున్నాడో. కనపడకుండా తిరిగొచ్చేశాను. సాయంత్రానికి జాబితాలో చిన్నోడు వచ్చేశాడు. మరి వాడు చూస్తాడా నా జాబితా? ఈ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు, వేసుకుంటే జవాబు కావాలి కదా. కానీ ఇప్పుడు, గడియారం తొమ్మిదీ ముప్పై చూపిస్తుంటే, పోయిన వానల్లో మా ఇంటర్నెట్టు రెండురోజులు పోయినప్పటి సంగతి గుర్తొచ్చింది. మందుల షాపతను చిల్లర ఇస్తూ "మీ తమ్ముడు ఫోన్ చేశాడమ్మా, మీ వీధిలో కరెంటు పోయిందా, మీరు షాపుకొచ్చారా అని అడిగాడు" అన్నాడు. లిఫ్టుల పనిమీద అడిగాడేమో అనుకున్నాను. మా వీధిలో లిఫ్టున్న ఇల్లు ఒక్కటి లేదు. ఒక్కటి లేదు! ఏడాది పట్టిందా నాకు ఈ చిన్న లెక్క తేలడానికి, బోర్డు నయం నాకన్నా.

అన్నీ పీకేస్తే? పీకేస్తే నిమిషంలో జాబితాలోంచి పోతాయి, వాడు చూస్తే ఇంటర్నెట్టు పోయిందనుకుంటాడు, మళ్లీ మందుల షాపుకు ఫోను చేస్తాడు, వాళ్లు ఆమె నిన్న కూడా వచ్చింది బాబూ అంటారు, ఈలోగా నా ఇల్లు బూడిద. అన్నీ కాదు, కొన్ని. కొన్ని ఉంచితే ఉన్నవి మాటలవుతాయి. నా దగ్గర పదకొండు మాటలున్నాయి, అందులో ఒక్క క్రియాపదం లేదు. ఫ్రిజ్, అద్దం, చెప్పులు అని పంపితే అక్కకు మతిపోయిందనుకుంటాడు. మంచం, మెట్లు అంటే పడిపోయాననుకుని ఏకంగా అంబులెన్సుతో వస్తాడు. బాల్కనీ, తలుపు. అవును, బాల్కనీ, తలుపు. మూడోది వంటిల్లు. బాల్కనీ, తలుపు, వంటిల్లు, ఇంతకన్నా స్పష్టంగా తంతి ఆఫీసు కూడా చెప్పలేదు. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి, ఆ వరసలోనే కనిపిస్తాయి, బి, టి, వి, నేను అనుకున్న వరసే, అదృష్టం. చెయ్యి వైరుదాకా వెళ్లింది, అక్కడ ఆగిపోయింది. బి తర్వాత సి. చిన్నోడు సి. నేను ఎన్ని పీకినా వాడింట్లో ఉన్నదాన్ని పీకలేను, అది ఉంటుంది, బి తర్వాత, టి ముందు. బాల్కనీ, చిన్నోడు, తలుపు, వంటిల్లు. వాణ్ణి పేరుపెట్టి పిలవకుండా ఈ కబురు పంపడం కుదరదు.

నవ్వొచ్చింది, ఒక్కదాన్నే బాల్కనీలో నవ్వాను, వడ్రంగి చూస్తే ఇది నవ్వు వ్యాయామం అనుకునేవాడు. మూడేళ్లు ఫోను ఎత్తకుండా పట్టుకున్న పంతం, ఇప్పుడు నేనే ముందు పిలవాలట, అదీ గుడ్ల కోసం. పిలవకపోతే? ఇంకో ఇరవై నిమిషాలు. వాడొచ్చి "ఏమక్కా, సైన్సు ఎలా ఉంది?" అంటే? అననీ. అంటే అప్పుడు చెప్తాను, ఏం చెప్తానో తెలియదు గానీ చెప్తాను, ఈసారి నవ్వను. వాడు అసలు రాకపోతే? మందుల షాపతను అబద్ధం చెప్పి ఉంటే, వాడు ఫోను ఇంట్లో మర్చిపోయి ఉంటే, ఏ లిఫ్టు గోతిలోనో తల దూర్చి ఉంటే? పీకాను. అద్దం. బీరువా. చెప్పులు. ఒక్కొక్క వైరూ పట్టుకుని, చీటీ చదివి, సరిచూసుకుని పీకాను, తొందరలో తప్పు సీసా తీస్తే ఏమవుతుందో ల్యాబ్ నేర్పింది. ఫ్రిజ్. కిటికీ. మంచం. మెట్లు. టీవీ. మూడు లైట్లు మిగిలాయి. షెల్ఫు బోసిపోయింది.

ఆ తర్వాత చేసేదేం లేదు, పీట మీద కూచున్నాను. తొమ్మిదీ నలభై. చిన్నప్పుడు వీణ్ణి నేనే స్కూలుకు తీసుకెళ్లేదాన్ని, చెయ్యి వదిలేసి ముందు పరిగెత్తేవాడు, మలుపు దగ్గర ఆగి నేను వస్తున్నానో లేదో చూసి మళ్లీ పరిగెత్తేవాడు. మొదటి జీతంతో నాకొక టార్చిలైటు కొనిచ్చాడు, అందరూ చీర కొంటారు కదరా అంటే "కరెంటు పోతే చీర వెలుగుతుందా" అన్నాడు. తొమ్మిదీ నలభై ఎనిమిది. లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ల కథలు చెప్పేవాడు భోజనాల దగ్గర, ఒకాయన బయటికి రాగానే వీణ్ణి కావలించుకుని ఏడ్చాడట, ఇంకొకావిడ బయటికి రాగానే చెంప పగలగొట్టిందట, ఇంతసేపా అని. తొమ్మిదీ యాభై నాలుగు. లోపలినుంచి సన్నగా మాడువాసన. లేచి చువ్వలకు ముక్కు ఆనించాను. ఠప్ మని ఒకటి పేలింది. నేను ఎగిరిపడ్డాను. కాసేపటికి ఇంకోటి. చీపురు తిరగేసి పట్టుకుని చువ్వల సందులోంచి అద్దం పొడిచాను, చీపురు విరిగింది. మూడోది పేలింది. సరిగ్గా అప్పుడు చిత్రిక యంత్రం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో కిందినుంచి ఒక గొంతు.

"అక్కా!"

రెయిలింగు మీదకు వంగి చూశాను. వాడే. జుట్టు నెరిసింది, పొట్ట కొంచెం వచ్చింది, భుజానికి పనిముట్ల సంచీ. పక్కన వడ్రంగి, చెవుల గిన్నెలు మెడలో వేలాడుతుంటే, నిచ్చెన గోడకు ఆనిస్తున్నాడు.

"ఏమైందక్కా? నీకేమైంది? బావకేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదురా! తలుపు పడిపోయింది! స్టవ్ మీద గుడ్లున్నాయి!"

"గుడ్లా?"

"మూడు పేలాయి! ఇంకోటుంది!"

వాడు నిచ్చెన ఎక్కుతున్నాడు, వడ్రంగి కింద పట్టుకుని "రోజూ ఒక చెయ్యే ఊపేవారు, ఇవాళ రెండూ ఊపితే ఏదో ఉషారుగా ఉన్నారనుకున్నానమ్మా" అని తప్పు చేసినవాడిలా చెబుతున్నాడు. వాడి తల రెయిలింగు పైకి వచ్చింది, ఇద్దరి ముఖాలూ మూరెడు దూరంలో, మూడేళ్ల తర్వాత. ఏదో అనబోయాడు, నేనూ ఏదో అనబోయాను, లోపల నాలుగోది పేలింది. వాడు ఒక్క దూకులో బాల్కనీలో పడి, సంచీలోంచి సన్నటి ఉక్కుపట్టీ తీసి, తలుపుకూ చట్రానికీ మధ్య దూర్చి కిందికి లాగాడు, టిక్కుమంది, తెరుచుకుంది. అంతే. ముప్పావుగంట నేను బతిమాలిన తలుపు.

ఇద్దరం ఒకేసారి దూరబోయి గుమ్మంలో ఇరుక్కున్నాం, ఒకర్నొకరు తోసుకుంటూ వంటింట్లోకి పరిగెత్తాం. వాడు స్టవ్ ఆపాడు, నేను కిటికీ తీశాను. మంట అంటుకోలేదు. గుడ్డ అంచు గోధుమరంగుకు తిరిగింది, అంతే. గిన్నె లోపల బొగ్గు. గుడ్లు మాత్రం ఎక్కడ లేవు అని అడగాలి, పైకప్పు మీద, డబ్బాల మీద, ఫ్యాను రెక్క మీద, కేలండరులో ఈ నెల మీద. నేలమీద కూలబడ్డాను. వాడు మంచినీళ్లు ఇచ్చాడు, గ్లాసు ఎక్కడుంటుందో అడగలేదు. హాల్లోకెళ్లి నా ఫోను తెచ్చి చేతిలో పెట్టాడు. వాడి పేరుతో పదకొండు కాల్స్.

"పొద్దున పని మొదలెట్టే ముందు ఒకసారి ఆ పేజీ చూస్తానక్కా, అలవాటు. ఇవాళ చూస్తే అన్నీ పోయి నాలుగే ఉన్నాయి. ముందు అర్థం కాలేదు. బాల్కనీ, చిన్నోడు, తలుపు... చదువుకుంటూ పోతే నువ్వు పిలిచినట్టే వినపడింది. నీకు ఫోను చేస్తూనే బయల్దేరాను."

"రోజూ చూస్తావా?"

"ఇల్లు మారినప్పుడు అందరూ ఫ్రిజ్ ఎక్కడ పెడదాం అంటుంటే నేను దీనికి ప్లగ్గు వెతుక్కున్నాను. మీ మరదలు నవ్వింది." నా చేతిలో గ్లాసు తీసుకుని గట్టు మీద పెట్టాడు. "ఇంతకీ అది ఏం చేస్తుందక్కా?"

"సంఖ్య ఊహిస్తుంది."

"ఊహిస్తే?"

"ఊహించడానికి ఇంకోటి ఇస్తారు."

"మా ఆఫీసులాగే ఉంది" అన్నాడు, నేను ఫక్కున నవ్వాను, వాడు నవ్వలేదు. పైకప్పుకు అంటుకున్న పచ్చసొన వైపు చూస్తూ అన్నాడు, "ఆ రోజు నేను అలా అనాల్సింది కాదు. పెద్దవాళ్లందరూ పెద్ద పెద్ద మాటలు మాట్లాడారు, నాకేమో మాటలు రావు, నవ్వించి దిగిపోదాం అనుకున్నా. దిగుతుంటే నీ మొహం చూశా."

"నేను నవ్వాను కదరా."

"నీ నవ్వు నాకు తెలీదా."

"మరి మూడేళ్లా?"

"మొదటి వారమే వద్దామనుకున్నా. ఆలస్యమైందే అనిపించింది. ఆలస్యమయ్యేకొద్దీ ఇంకా ఆలస్యమైపోయిందక్కా."

నాక్కూడా అలాగే అయింది, ఆ మాట పైకి అన్నానో లోపల అనుకున్నానో ఇప్పుడు గుర్తులేదు, అన్నాననే అనుకుంటాను. తర్వాత స్టూలు మీద నేనెక్కి పైకప్పు గీకుతుంటే వాడు స్టూలు పట్టుకున్నాడు, గీకింది గీకినట్టు వాడి నెత్తిన రాలుతుంటే కిక్కురుమనలేదు, మూడేళ్ల వడ్డీ కట్టుకుంటున్నట్టు నిలబడ్డాడు. టీ పెట్టాను. రెండు గుక్కలు తాగాడో లేదో ఫోను మోగింది, అవతలివాళ్ల కంగారు నాకే వినపడుతోంది, ఏదో ఆఫీసు భవనం, నాలుగో అంతస్తుకూ ఐదో అంతస్తుకూ మధ్య లిఫ్టు ఆగిపోయింది, లోపల ముగ్గురున్నారు. "పది నిమిషాల్లో ఉంటా, ఎవరూ తలుపులు లాగొద్దు" అని లేచి సంచీ భుజాన వేసుకున్నాడు, గుమ్మం దగ్గర నిలబడి చెప్పులు తొడుక్కుంటూ వెళ్లొస్తానని అనలేక అటూ ఇటూ చూస్తున్నాడు. వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడో, రేపు ఫోను చేస్తే ఏం మాట్లాడాలో, మళ్లీ జాబితాలు చూసుకోవడమేనా.

"ఆగరా, నేనూ వస్తా" అన్నాను.

"నువ్వెందుకక్కా?"

"ఇరుక్కుంటే ఎలా ఉంటుందో ఇవాళ నాకు తెలిసినంత నీకు తెలీదు. పద."

ఇప్పుడు ఐదో అంతస్తులో మూసి ఉన్న లిఫ్టు తలుపుల ముందు నిలబడ్డాను. వాడు డాబా మీద యంత్రాల గదిలోకి వెళ్లాడు, చక్రం చేత్తో తిప్పాలట, వెళుతూ వెళుతూ "వాళ్లతో మాట్లాడుతూ ఉండక్కా, బయట మనిషి గొంతు వినపడితే ధైర్యంగా ఉంటారు" అన్నాడు. తలుపుల సందుకు నోరు ఆనించి మాట్లాడుతున్నాను. లోపల ఒక అమ్మాయికి ఇవాళే ఉద్యోగంలో మొదటి రోజట, ఒకాయనకు చెమటలు పడుతున్నాయట, మూడో ఆయన ఫోన్లో ఏదో చూసుకుంటున్నాడని ఆ అమ్మాయి చాడీ చెప్పింది. మొదటి రోజు ఆలస్యమైతే ఏం కాదమ్మా, నేను మొదటిరోజు పన్నెండు పిపెట్లు పగలగొట్టాను, అయినా ముప్పై రెండేళ్లు ఉంచుకున్నారు అన్నాను. లోపల నవ్వు. నేను కూడా ఇందాక ముప్పావుగంట ఇలాగే ఇరుక్కున్నాను అన్నాను. ఎవరు తీశారండీ అని చెమటలాయన గొంతు, మా తమ్ముడు అన్నాను, మరి ఇప్పుడు పైన ఉన్నదెవరు అన్నాడు, వాడే, ఇరవై ఏళ్లుగా ఇదే పని, ఎంతమందిని తీశాడో వాడికే లెక్క తెలీదు, మీరేం భయపడకండి, మా తమ్ముడు చాలా మంచి పనివాడు అన్నాను. పైన ఎక్కడో ఇనుము కిర్రుమంది. తలుపుల సందులో నల్లగా ఉన్నచోట సన్నటి వెలుతురు గీత పుట్టింది, గోరంత, వేలంత, లోపల ఆ అమ్మాయి అయ్యో అయ్యో అంటూ నవ్వుతోంది, మెట్లమీదుగా పైనుంచి వాడి కేక గోడలకు కొట్టుకుంటూ దిగివచ్చింది, "అక్కా! కదిలిందా?"

"కదిలిందిరా!" అని అరిచాను, ఆరో అంతస్తులో, ఏడో అంతస్తులో జనం తలుపులు తీసి చూసేలా, "ఆపకు, తిప్పు, కదిలింది!"